జడ్జీల ఎన్నికలు, వేటకు వెళ్లే దారులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటూ హంటింగ్ మొదలుపెట్టిన తెలుగువాళ్ల నుంచి ఎన్నికల ఏడాది వచ్చిందంటే చాలు, ఇవే సందేహాలు. అందుకే ఒకచోట పెడుతున్నాను. ఎక్కువగా మోంటానా గురించే రాశాను. పబ్లిక్ భూములకు, నదులకు వెళ్లే దారి ఎవరిదన్న గొడవ అక్కడి కోర్టుల్లో నలభై ఏళ్లుగా నలుగుతోంది, పైగా అక్కడ జడ్జీలను ఓటర్లే ఎన్నుకుంటారు. విస్కాన్సిన్, వయోమింగ్, న్యూమెక్సికో, యూటా అవసరమైనచోట వస్తాయి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీ మీద కేసు ఉంటే మాత్రం ఇది చాలదు, లాయర్‌ని కలవండి.

## మొదట వచ్చే సందేహాలు

జడ్జీలకు కూడా ఎన్నికలా? నిజంగానా?

నిజమే. మన దగ్గర హైకోర్టు, సుప్రీం కోర్టు జడ్జీల పేర్లు కొలీజియం నుంచి వస్తాయి, జనం ఓటుతో పని లేదు. అమెరికాలోనూ ఫెడరల్ జడ్జీలకు ఎన్నికలు లేవు. అధ్యక్షుడు నియమిస్తే సెనేట్ ఆమోదిస్తుంది. రాష్ట్ర కోర్టుల సంగతి వేరు. 38 రాష్ట్రాల్లో అత్యున్నత న్యాయస్థానం జడ్జీలు ఏదో ఒక రూపంలో ఓటర్ల ముందుకు రావాల్సిందే. కొన్నిచోట్ల పార్టీ పేరుతో పోటీ, కొన్నిచోట్ల పార్టీ పేరు లేకుండా పోటీ, మరికొన్నిచోట్ల "ఈ జడ్జిని కొనసాగించాలా, వద్దా" అనే ప్రశ్న ఒక్కటే. మోంటానా సుప్రీం కోర్టులో ఏడుగురు జడ్జీలు, ఒక్కొక్కరికి 8 ఏళ్ల పదవీకాలం, పోటీ పార్టీ పేరు లేకుండా. విస్కాన్సిన్‌లోనూ ఏడుగురే, పదవీకాలం 10 ఏళ్లు, ఎన్నిక ఏప్రిల్‌లో.

నా ఎల్క్ (పెద్ద దుప్పి) వేటకీ జడ్జి ఎన్నికకీ సంబంధమేంటి?

వేటకు లైసెన్స్ ఇచ్చేది, సీజన్ ఎప్పుడో చెప్పేది రాష్ట్ర వన్యప్రాణి శాఖ. కానీ వేటాడే చోటుకు మీరు చేరగలరా లేదా అన్నది చాలాసార్లు కోర్టులో తేలుతుంది. ఊళ్లో పోరంబోకు భూమికి నాలుగు వైపులా పట్టా పొలాలుండి, దానికి వెళ్లే పుంతకు ఎవరో గేటు పెట్టి తాళం వేశారనుకోండి. భూమి అందరిదే, కాలు పెట్టే దారే లేదు. అమెరికా పశ్చిమాన ఇదే పరిస్థితి లక్షల ఎకరాల్లో ఉంది. 2018లో వచ్చిన ఒక లెక్క ప్రకారం పశ్చిమ రాష్ట్రాల్లో సుమారు 95 లక్షల ఎకరాల ఫెడరల్ భూమికి చట్టబద్ధమైన శాశ్వత దారి లేదు. అందులో ఒక్క వయోమింగ్‌లోనే 30 లక్షల ఎకరాల పైచిలుకు, మోంటానాలో 15 లక్షల ఎకరాలు.

ఆ పుంత జనానిదా, పొలం వాళ్లదా? ఆ ఏరు అందరిదా, ఒడ్డున ఇల్లున్నవారిదా? ఈ ప్రశ్నలు ఆస్తి చట్టానికి సంబంధించినవి, ఆస్తి చట్టం దాదాపు పూర్తిగా రాష్ట్రం చేతిలో ఉంటుంది. కాబట్టి చివరి మాట రాష్ట్ర సుప్రీం కోర్టుదే. అంతకుమించిన సంబంధం ఏమీ లేదు గానీ, ఆ ఒక్కటే చాలా పెద్దది.

పబ్లిక్ ల్యాండ్ ఫెడరల్ ప్రభుత్వానిదైతే రాష్ట్ర జడ్జీలకేం పని?

భూమి ఫెడరల్‌ది కావచ్చు, దానికి వెళ్లే కౌంటీ (మన జిల్లా లాంటిది) రోడ్డు మాత్రం రాష్ట్ర చట్టం కిందికి వస్తుంది. మధ్యలో పారే ఏరు, ట్రెస్‌పాస్ (అనుమతి లేకుండా పరాయి భూమిలోకి వెళ్లడం) కేసు, బడుల ఆదాయం కోసం రాష్ట్రం దగ్గరున్న స్కూల్ ట్రస్ట్ భూములు కూడా అంతే. ఫారెస్ట్ సర్వీస్ తన భూమిలో ఏ దారి మూయాలి, ఏది తెరవాలి అన్నది మాత్రం ఫెడరల్ కోర్టుల పని. మోంటానాలోని క్రేజీ పర్వతాల దారుల కేసు అలాంటిదే. అది ఫెడరల్ కోర్టులోనే నడిచింది, దారులు అడిగినవాళ్లు ఓడిపోయారు. ఆ కేసులో రాష్ట్ర జడ్జి ఎవరైనా ఫలితం మారేది కాదు. "జడ్జిని మారిస్తే అన్నీ మారిపోతాయి" అని ఎవరైనా చెబితే, మీ గొడవ ఏ కోర్టు పరిధిలోదో ముందు అడగండి.

ఇండియాలో వేటాడితే జైలు. ఇక్కడ వేటగాళ్లకు ఇన్ని హక్కులెందుకు?

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటంటే దాదాపు నేరమే. ఇక్కడ లైసెన్స్ ఫీజులు, తుపాకులు, తూటాల మీద వసూలు చేసి 1937 చట్టం ప్రకారం వన్యప్రాణుల కోసం ఇస్తున్న ఫెడరల్ పన్ను కలిసి రాష్ట్ర వన్యప్రాణి శాఖలను నడుపుతున్నాయి. మోంటానా ఓటర్లు 2004లో వేట, చేపలవేట అవకాశాన్ని వారసత్వంగా కాపాడాలని రాజ్యాంగంలోనే చేర్చుకున్నారు. అదే సవరణలో ఇంకోమాట కూడా ఉంది: దీన్ని చూపించి పరాయివాడి భూమిలోకి అడుగుపెట్టే హక్కు రాదు. ఆ రెండో మాట చాలామందికి గుర్తుండదు.

## గొడవ ఎక్కడ మొదలైంది

మోంటానాలో ఏ నదిలోనైనా దిగొచ్చంటారు. ఆ హక్కు ఎలా వచ్చింది?

శాసనసభ దయతో కాదు, కోర్టు తీర్పులతో వచ్చింది. 1984లో మోంటానా సుప్రీం కోర్టు రెండు కేసులు తేల్చింది; ఒకటి డియర్‌బోర్న్ నది మీద, రెండోది బీవర్‌హెడ్ నది మీద. నది అడుగున నేల నాదే కాబట్టి జనం దిగడానికి వీల్లేదన్నది భూయజమానుల వాదన. కోర్టు 1972 రాష్ట్ర రాజ్యాంగాన్ని చూపించింది. నీళ్లన్నీ ప్రజల వాడకం కోసం రాష్ట్రానికి చెందుతాయని అందులో ఉంది. నేల ఎవరిదైనా సరే, వినోదానికి పనికొచ్చే నీటిని జనం వాడుకోవచ్చు, నీరు సాధారణంగా ఎంత ఎత్తుకు వస్తుందో ఆ గీత దాకా ఒడ్డును కూడా వాడుకోవచ్చు అని తేల్చింది. మరుసటి ఏడాది, 1985లో, శాసనసభ దాన్ని స్ట్రీమ్ యాక్సెస్ (ఏట్లోకి దిగి వాడుకునే హక్కు) చట్టంగా రాసింది.

ఆ చట్టంలో వినోదానికిచ్చిన నిర్వచనంలో వేట కూడా ఉంది. బాతుల వేటకు ఏటిలో నడిచి వెళ్లేవాళ్లు ఈ హక్కు మీదే వెళ్తారు. ఎల్క్, డీర్ లాంటి పెద్ద జంతువుల వేటకు మాత్రం విడిగా గట్టి పరిమితులున్నాయి. ఏట్లో నిలబడి రైఫిల్ పేల్చొచ్చని అనుకోకండి. ఏటి దాకా రావడానికి ఎవరి పొలమైనా దాటడం కూడా ఈ హక్కులోకి రాదు.

రోడ్డు వంతెన దగ్గర నదిలోకి దిగకుండా కంచె కడితే?

దీనిమీద మోంటానాలో ఏళ్ల తరబడి యుద్ధమే జరిగింది. మాడిసన్ కౌంటీలో రూబీ నది మీద కౌంటీ రోడ్ల వంతెనలున్నాయి. కారు ఆపుకుని, వంతెన పక్క గట్టు మీదుగా నాలుగు అడుగులు దిగితే నీళ్లు. ఆ నాలుగు అడుగుల చోట భూయజమాని కంచె తీగలను వంతెన స్తంభాలకే బిగించాడు. నది అందరిదని 1984లోనే తేలిపోయింది. కానీ దిగే చోటు లేకపోతే ఆ తీర్పు ఎందుకు పనికొస్తుంది?

2009లో శాసనసభ వంతెనల దగ్గర దారి గురించి చట్టం చేసింది. పశువుల కోసం కంచె కట్టుకోవచ్చు, కానీ మనుషులు దాటే వీలుంచాలి. అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఆ వంతెనల్లో ఒకటున్న సేలర్ లేన్ అనే రోడ్డును జనం దశాబ్దాలుగా వాడుతుండగా హక్కు ఏర్పడిందే గానీ, కాగితం మీద ఎవరూ రాసివ్వలేదు. అలాంటి రోడ్డులో జనం హక్కు బండి చక్రాలు తిరిగే వెడల్పుకేనా, పక్కన గట్టుకు కూడానా? కింది కోర్టు హక్కును కుదించింది. 2014 జనవరిలో రాష్ట్ర సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసి, ఆ హక్కులో నదికి చేరడానికి కావలసిన పక్క స్థలం కూడా ఉంటుందని చెప్పింది. కేసు మొదలై అప్పటికి దాదాపు పదేళ్లు.

అంటే మోంటానా కోర్టు ఎప్పుడూ హంటర్ల పక్షమేనా?

కాదు. 1985 చట్టంలోని కొన్ని భాగాలను 1987లో అదే కోర్టు కొట్టేసింది. నీటిని వాడుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే జనం హక్కు. రాత్రిపూట గుడారం వేసుకోవడం, శాశ్వత కట్టడాలు కట్టడం ఆ లెక్కలోకి రావని, నదిలో అడ్డం వచ్చినచోట పడవ మోసుకెళ్లే దారి ఖర్చు భూయజమాని నెత్తిన వేయడం కుదరదని చెప్పింది.

1993 తీర్పు ఇంకా ముఖ్యం, హంటర్లలో చాలామందికి తెలియదు కూడా. ఒక ప్రైవేటు దారిని ఏళ్లుగా వేటకు, సరదాకు వాడుతున్నాం కాబట్టి అది పబ్లిక్ దారి అయిపోయిందని వాదిస్తే కోర్టు ఒప్పుకోలేదు. సీజన్‌లో వచ్చి పోయే వాడకం ఒక్కటే సరిపోదంది. "మా నాన్న కాలం నుంచీ ఇక్కడే వెళ్తున్నాం" అన్న మాట ఒక్కటీ కోర్టులో నిలవదు.

## ఓటుకు ముందు

బ్యాలెట్ మీద పార్టీ పేరు లేదు. ఎవరేమిటో ఎలా తెలుసుకోవాలి?

ముందు అభ్యర్థి ఇప్పటిదాకా ఏం చేశారో చూడండి. కింది కోర్టు జడ్జి అయితే దారులు, ఈజ్‌మెంట్లు (పరాయి భూమిని దారి లాంటి పనికి వాడుకునే హక్కులు), ట్రెస్‌పాస్ మీద ఇచ్చిన తీర్పులుంటాయి. లాయర్ అయితే ఎవరి తరఫున వాదించారో ఉంటుంది. అయితే క్లయింట్ మాట లాయర్ సొంత మాట కాదన్నది గుర్తుంచుకోండి. శాసనసభ కమిటీల ముందు ఏదైనా బిల్లు మీద మాట్లాడి ఉంటే అది రికార్డులో దొరుకుతుంది. చందాల వివరాలు మోంటానాలోనైతే హెలెనాలోని రాజకీయ వ్యవహారాల కమిషనర్ కార్యాలయం దగ్గర ఉంటాయి, ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు.

పోస్టులో వచ్చే రంగురంగుల కార్డులను నమ్మి ఓటేయకండి. ఎల్క్ బొమ్మ, హంటర్లు వేసుకునే నారింజ రంగు చొక్కా రెండు పక్షాల కార్డుల మీదా ఉంటాయి. దాన్ని బట్టి తెలిసేది ఒక్కటే, ఆ ఇంట్లో హంటర్ ఉన్నాడని వాళ్ల దగ్గర లిస్టు ఉంది.

అభ్యర్థిని నేరుగా "మీరు స్ట్రీమ్ యాక్సెస్‌కు అనుకూలమా?" అని అడగొచ్చా?

అడగొచ్చు. వివాదాస్పద విషయాల మీద జడ్జి అభ్యర్థులు తమ అభిప్రాయం చెప్పకుండా రాష్ట్రాలు నోరు కట్టేయకూడదని అమెరికా సుప్రీం కోర్టు 2002లో మిన్నెసోటా కేసులో చెప్పింది. అయితే "ఫలానా కేసు వస్తే ఫలానా విధంగా తీర్పిస్తాను" అని మాట ఇవ్వడం నీతి నియమాలకు విరుద్ధం, బుద్ధి ఉన్న అభ్యర్థి ఇవ్వరు కూడా. అందుకని ప్రశ్న కాస్త మార్చి అడగండి: 1984 తీర్పులు సరైనవేనని మీరనుకుంటున్నారా? పాత తీర్పును పక్కన పెట్టాలంటే ఎలాంటి కారణం కావాలి? రాష్ట్ర రాజ్యాంగంలో నీటి గురించి ఉన్న వాక్యాన్ని మీరెలా చదువుతారు? ఇలా అడిగితే "నేను చట్టాన్ని అనుసరిస్తాను" అని ఊరుకోవడం కష్టం.

ఈ విషయం మీద నిజంగా ఎన్నిక నడిచిన సందర్భం ఉందా?

ఉంది. 2016లో మోంటానా సుప్రీం కోర్టు సీటుకు డర్క్ శాండిఫర్, క్రిస్టెన్ జూరాస్ పోటీపడ్డారు. శాండిఫర్ కింది కోర్టు జడ్జి, జూరాస్ ఆస్తి చట్టం బోధించిన లా ప్రొఫెసర్. స్ట్రీమ్ యాక్సెస్ మీద ఎవరి వైఖరి ఏమిటన్నది ప్రచారంలో పెద్ద చర్చే అయింది. శాండిఫర్ గెలిచారు, జూరాస్ తర్వాత రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. దారుల కోసమే జనం ఓటేశారని అనలేం. ఒక ఎన్నికలో పది విషయాలు కలిసి ఉంటాయి. ఎవరూ పట్టించుకోని సీటుకు హంటింగ్ సంఘాలు, భూయజమానులు ఇద్దరూ వచ్చి చేరడం మాత్రం అందరూ చూశారు.

ఈ ఎన్నికల్లో అంత డబ్బు ఎందుకు పెడుతున్నారు?

2025 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ సుప్రీం కోర్టు సీటు ఒక్కదానికి సుమారు 10 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఆ డబ్బు వేట కోసం కాదు. అబార్షన్, నియోజకవర్గాల హద్దులు, వ్యాపార కేసులు, ఇవే అసలు కారణాలు. భూమి, నీరు ఆ ప్యాకేజీలో పక్కగా వస్తాయి. మోంటానా, న్యూమెక్సికో లాంటి జనం తక్కువున్న రాష్ట్రాల్లో మాత్రం ఒక పెద్ద భూయజమాని చందా బరువుగానే తూగుతుంది. టీవీ ప్రకటన అక్కడ చవక మరి.

నాది హెచ్1బీ. నా స్నేహితుడిది గ్రీన్ కార్డు. మేం ఓటేయొచ్చా?

లేదు. రాష్ట్ర, ఫెడరల్ ఎన్నికల్లో పౌరులకే ఓటు, జడ్జి ఎన్నిక కూడా రాష్ట్ర ఎన్నికే. ఇక్కడ ఒక హెచ్చరిక. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు చేయాలా అని అడుగుతారు. పొరపాటున కూడా అవును అనకండి. పౌరుడు కానివారు ఓటేస్తే దేశం నుంచి పంపించేసే దాకా వెళ్తుంది, తెలియక చేశానంటే ఒప్పుకోరు. ఓటు లేకపోయినా అభ్యర్థుల సభకు వెళ్లి ప్రశ్న అడగొచ్చు, సిటిజన్ అయిన మీ బావగారికి బ్యాలెట్ చివరి పేజీ గుర్తుచేయొచ్చు. చందా విషయంలో మాత్రం తేడా ఉంది: గ్రీన్ కార్డు వాళ్లు ఇవ్వొచ్చు, హెచ్1బీ వాళ్లు ఇవ్వకూడదు.

## ఓటేసే రోజు

ఒకే పేరుంది, పక్కన "అవును, కాదు" అని ఉంది. ఇదేం పోటీ?

దాన్ని రిటెన్షన్ అంటారు. ఉన్న జడ్జిని కొనసాగించాలా వద్దా అన్నదే ప్రశ్న. మోంటానాలో సిట్టింగ్ జడ్జికి ఎవరూ పోటీ రాకపోతే ఇలా వస్తుంది. వయోమింగ్, యూటా, కొలరాడోల్లో సుప్రీం కోర్టు జడ్జీలందరికీ ఇదే పద్ధతి. "కాదు" గెలిస్తే సీటు ఖాళీ అవుతుంది, కొత్తవారిని నియామకం ద్వారా తెస్తారు. అంటే మీరు "కాదు" నొక్కితే మీకు నచ్చినవారు రారు, గవర్నర్‌కు నచ్చినవారు వస్తారు. కోపంతో నొక్కే ముందు ఆ గవర్నర్ ఎవరో ఒకసారి చూసుకోండి.

పైన ముఖ్యమైనవాటికి ఓటేసి జడ్జీల పేజీ వదిలేస్తే ఏమవుతుంది?

మీ బ్యాలెట్ చెల్లుతుంది, ఆ సీటు వరకు మీ ఓటు ఉండదంతే. చాలామంది వదిలేస్తారు. పార్టీ పేరు లేనిచోట ఇంకా ఎక్కువ. అందువల్ల నింపినవాళ్ల ఓటుకు బరువు పెరుగుతుంది. విస్కాన్సిన్‌లో జడ్జి ఎన్నిక నవంబరులో రాదు, ఏప్రిల్‌లో వస్తుంది. డీర్ సీజన్‌కు సెలవు పెట్టేవాళ్లు ఏప్రిల్ మంగళవారం సంగతి మరిచిపోతారు.

సుప్రీం కోర్టు ఒక్కటే చూస్తే సరిపోతుందా?

సరిపోదు. దారి కేసు ముందు జిల్లా కోర్టు జడ్జి దగ్గరికి వెళ్తుంది. సాక్షుల్ని చూసేది, పాత మ్యాపులు చదివేది, రోడ్డును ఎవరెంతకాలం వాడారో తేల్చేది ఆయనే. ఆ వాస్తవాలను పై కోర్టు అంత తేలిగ్గా కదల్చదు. మోంటానాలో జిల్లా జడ్జీలనూ ఎన్నుకుంటారు, 6 ఏళ్లకు.

కౌంటీ అటార్నీ (ప్రభుత్వం తరఫున కేసులు నడిపే లాయర్) పేరు కూడా చూడండి. మీకు ట్రెస్‌పాస్ టికెట్ (నేరం మోపుతూ అధికారి రాసిచ్చే కాగితం) పడితే ఆ కేసు నడపాలా, వదిలేయాలా అన్నది ఆ ఆఫీసు నిర్ణయం. నన్నడిగితే సగటు హంటర్ రోజువారీ జీవితానికి ఆ సీటే దగ్గర. సుప్రీం కోర్టు గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు కౌంటీ అటార్నీ పేరు చెప్పలేకపోవడం నాకు వింతగా ఉంటుంది.

## ఫలితం వచ్చాక

మనం కోరుకున్న జడ్జి గెలిచారు. ఇక గేట్లు తెరుచుకుంటాయా?

వెంటనే ఏమీ జరగదు. జడ్జి తనంతట తాను కేసు తెచ్చుకోలేరు. ఎవరో దావా వేయాలి, కింది కోర్టులో తేలాలి, అప్పీలు రావాలి. రూబీ నది కేసు తీరు చూస్తే కేసు మొదలైనప్పుడున్న జడ్జీలు తీర్పు రోజున ఉంటారన్న గ్యారంటీ లేదు. పైగా ఏడుగురిలో ఒకరి ఓటు ఒకటే. పాత తీర్పులను గౌరవించే అలవాటు కోర్టుల్లో బలంగా ఉంటుంది. అది 1984 తీర్పులను కాపాడుతుంది, 1993 తీర్పునూ కాపాడుతుంది.

విస్కాన్సిన్‌లో 2023 ఎన్నిక తర్వాత పబ్లిక్ ల్యాండ్ కేసు ఒకటి తేలిందట. అదేంటి?

విస్కాన్సిన్‌లో 1989 నుంచి నోల్స్-నెల్సన్ స్టివార్డ్‌షిప్ అనే పథకం ఉంది. ఆ డబ్బుతో రాష్ట్రం భూములు కొంటుంది, హక్కులు కొంటుంది. కొన్న భూమి సాధారణంగా వేటకు, చేపలకు, నడకకు తెరిచి ఉంటుంది. అయితే శాసనసభ ఆర్థిక కమిటీలో ఏ ఒక్క సభ్యుడైనా పేరు కూడా చెప్పకుండా అభ్యంతరం పెడితే కొనుగోలు ఆగిపోయేది. ఉత్తరాన పెలికన్ రివర్ ఫారెస్ట్ అనే 56 వేల ఎకరాల పైచిలుకు ప్రాజెక్టు అలాగే చిక్కుకుంది. 2023 ఏప్రిల్‌లో కమిటీ దానికి డబ్బివ్వడానికి ఒప్పుకోలేదు. తర్వాత ఫెడరల్ నిధులతో అది పూర్తయింది.

అదే 2023 ఏప్రిల్‌లో జానెట్ ప్రోటాసీవిచ్ గెలవడంతో కోర్టులో మెజారిటీ ఉదారవాదుల చేతికి వచ్చింది. ఆ శరదృతువులో గవర్నర్ టోనీ ఎవర్స్ దావా వేశారు. 2024 జులైలో తీర్పు: కమిటీకి ఆ వీటో రాజ్యాంగబద్ధం కాదు. 6-1 తేడాతో. తీర్పు రాసింది ఎవరంటే రెబెకా బ్రాడ్లీ, కోర్టులో బాగా సంప్రదాయవాది అని పేరున్న జడ్జి. కాబట్టి "మనవాళ్లు గెలిచారు, మనకు తీర్పొచ్చింది" అని చెప్పేవాళ్ల మాట పూర్తిగా నిజం కాదు. ఆ సమయంలో దావా వేసే ధైర్యం ఎన్నిక ఫలితం వల్ల వచ్చి ఉండొచ్చు. తీర్పు మాత్రం రెండు వైపుల జడ్జీలూ కలిసి ఇచ్చారు.

ఇందులో ఇంకో మెలిక. వీటో పోయాక, అదుపు లేని పథకానికి మళ్లీ డబ్బెందుకివ్వాలని శాసనసభలో కొందరు అడ్డం తిరిగారు. కొనడానికి అడ్డు తొలగింది, కొనడానికి డబ్బు మీద గొడవ మొదలైంది.

కోర్టు ఇచ్చిన హక్కును శాసనసభ వెనక్కి తీసుకోగలదా?

తీర్పు దేని మీద నిలబడిందో దాన్నిబట్టి ఉంటుంది. 2008లో యూటా సుప్రీం కోర్టు జనం నది అడుగున నడవొచ్చంది. 2010లో శాసనసభ చట్టం చేసి చాలా నదులను, వాగులను మళ్లీ మూసేసింది. ఆ చట్టం మీద కోర్టుల్లో ఏళ్లపాటు పోరాడినా 2023లో అదే నిలబడింది. మోంటానా తీర్పులకు పునాది రాష్ట్ర రాజ్యాంగం కాబట్టి మామూలు చట్టంతో వాటిని తుడిచేయలేరు. న్యూమెక్సికోలోనూ అంతే. భూయజమానులు ఏటిని మూసుకునేందుకు వన్యప్రాణి కమిషన్ పెట్టిన నియమాన్ని 2022లో అక్కడి సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది, రాష్ట్ర రాజ్యాంగాన్నే ఆధారం చేసుకుని. ఒక అనుకూల తీర్పు వచ్చిందని సంబరపడే ముందు, అందులో "రాజ్యాంగం" అన్న మాట ఎక్కడుందో వెతకండి.

డబ్బిచ్చిన భూయజమాని కేసు అదే జడ్జి దగ్గరికి వస్తే?

చందా ఇచ్చినంత మాత్రాన జడ్జి తప్పుకోనక్కర్లేదు. కానీ 2009లో వెస్ట్ వర్జీనియా కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఒక హద్దు పెట్టింది. కేసు ఉన్న మనిషే జడ్జి గెలుపుకు అసాధారణంగా పెద్ద మొత్తం ఖర్చుపెడితే ఆ జడ్జి ఆ కేసులో కూర్చోకూడదు. ఆ కేసులో ఖర్చు సుమారు 30 లక్షల డాలర్లు. చిన్న చందాలకు ఇది వర్తించదు.

జడ్జీలకూ పార్టీ పేరు పెట్టేస్తే హంటర్లకు మంచిదేగా, తెలిసిపోతుంది?

2025లో మోంటానా శాసనసభలో అలాంటి బిల్లులు చాలానే వచ్చాయి. సుప్రీం కోర్టుకు పార్టీ గుర్తు పెట్టే బిల్లు గట్టెక్కలేదు. నా ఉద్దేశంలో దారుల విషయంలో పార్టీ పేరు సాయం చేయదు. రిపబ్లికన్‌కు ఓటేసే హంటరూ ఉన్నాడు, రిపబ్లికన్‌కు చందా ఇచ్చే పెద్ద రాంచ్ (పశువుల పెంపకం భూమి) యజమానీ ఉన్నాడు. ఈ ఇద్దరి గొడవలో పార్టీ గుర్తు ఎవరి వైపో చెప్పలేం.

## సీజన్‌లో, కంచె దగ్గర

కార్నర్ క్రాసింగ్ ఇప్పుడు అన్నిచోట్లా లీగల్ అయిపోయిందా?

లేదు. రైల్వేలకు 1860ల్లో భూమిని చదరంగం గళ్లలా పంచారు. ఒక గడి ప్రైవేటు, పక్కది పబ్లిక్. రెండు పబ్లిక్ గళ్లు ఒక మూల దగ్గర మాత్రమే తగులుతాయి. ఆ మూల దాటొచ్చా అన్నదే ప్రశ్న.

వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గర 2021లో నలుగురు మిస్సౌరీ హంటర్లు ఆ మూల మీద స్టీల్ నిచ్చెన నిలబెట్టి, ప్రైవేటు నేలకు కాలు తగలకుండా ఒక పబ్లిక్ గడి నుంచి ఇంకో దాంట్లోకి దిగారు. క్రిమినల్ కేసులో జ్యూరీ వాళ్లు నిర్దోషులంది. భూయజమాని సివిల్ దావా వేసి, తన ఆస్తి విలువ తగ్గిందని 70 లక్షల డాలర్లకు పైగా నష్టం లెక్క చూపించాడు. 2025 మార్చిలో ఫెడరల్ పదో సర్క్యూట్ కోర్టు (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే అప్పీలు కోర్టు) హంటర్ల వైపు తీర్పిచ్చింది, 1885 నాటి ఫెడరల్ చట్టం ఆధారంగా. 2025 అక్టోబరులో అమెరికా సుప్రీం కోర్టు ఆ కేసు తీసుకోనంది.

ఆ తీర్పు వర్తించేది వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూమెక్సికో, కాన్సస్, ఒక్లహోమాలకే. మోంటానా వేరే సర్క్యూట్‌లో ఉంది, కార్నర్ క్రాసింగ్ తమ దగ్గర చట్టవిరుద్ధమేనని అక్కడి అధికారులు చెబుతున్నారు. ఇది ఫెడరల్ కోర్టు ఇచ్చిన హక్కు, ఏ రాష్ట్ర జడ్జి ఎన్నికా తెచ్చింది కాదు. మోంటానాలో మీకు టికెట్ పడితే మాత్రం విచారించేది స్థానికంగా ఎన్నికైన జడ్జే.

మ్యాపులో కౌంటీ రోడ్డని ఉంది, ఎదురుగా తాళం వేసిన గేటు. ఏం చేయాలి?

తాళం పగలగొట్టొద్దు, గేటు ఎక్కొద్దు. ఫోన్ యాప్‌లో గీత కనబడితే అది చట్టం కాదు. గేటు ఫొటో, లొకేషన్, తేదీ తీసుకుని వెనక్కి రండి. కౌంటీ రోడ్ల ఆఫీసులో ఆ రోడ్డును ఎప్పుడు ప్రకటించారో, రద్దు చేశారో పాత పెద్ద రిజిస్టర్లలో ఉంటుంది, అడిగితే చూపిస్తారు. మోంటానాలో అనుమతి లేకుండా, బహిరంగంగా, ఆగకుండా 5 ఏళ్లు జనం వాడితే రోడ్డు హక్కు ఏర్పడొచ్చు. కానీ దాన్ని కోర్టులో రుజువు చేయాలి, అందుకు పోస్ట్‌మ్యాన్, స్కూల్ బస్సు, రోడ్డు చదును చేసే గ్రేడర్ నడిపిన కౌంటీ మనిషి సాక్ష్యం వేటగాడి సాక్ష్యం కంటే బలంగా ఉంటుంది. ఇలాంటి కేసులు నడిపే సంఘాలు ఉన్నాయి, మీ ఫొటో వాళ్లకు పనికొస్తుంది.

నేను వీసా మీద ఉన్నాను. ట్రెస్‌పాస్ టికెట్ పడితే ఫైన్ కట్టేసి వదిలేయొచ్చా?

వదిలేయకండి, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఫారాల్లో అరెస్టుల గురించే కాదు, సైటేషన్ల (ఇలాంటి టికెట్ల) గురించి కూడా అడుగుతారు. ఫైన్ కట్టడమంటే చాలాచోట్ల నేరం ఒప్పుకున్నట్టే.

ఇంకోటి, దీనికంటే పెద్దది. హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల వాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు. స్నేహితుడి రైఫిల్ ఐదు నిమిషాలు పట్టుకున్నా లెక్కే. లైసెన్స్ గడువు ఏ రోజుతో ముగుస్తుందో చూసుకుని, ట్రక్కులో దాన్ని తుపాకీతోపాటే ఉంచుకోండి. గ్రీన్ కార్డు వచ్చాక ఈ నిషేధం వర్తించదు, మిగతా తుపాకీ నియమాలు అందరికీ ఉన్నట్టే ఉంటాయి.